సిగ్నల్ లేని కూడలిలో ముందుగా ఎవరు వెళ్లాలి? దేశదేశాల నిబంధనలపై చర్చ

ఒంగోలు_మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. పోయిన శనివారం ఉదయం ఏడు గంటల వేళ, మంగమూరు రోడ్డు వైపున్న మా కాలనీలో నాలుగు సిమెంటు రోడ్లు కలిసే చోట నా స్కూటరూ, పాలు పోసే ఒక అబ్బాయి మోటారు సైకిలూ ఢీకొన్నాయి. ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. కానీ అతని బండికి రెండు పక్కలా వేలాడుతున్న క్యాన్లలో ఒకటి కిందపడి మూత ఊడిపోయింది. పాలు రోడ్డు వాలుకు పారి, మా ఎదురింటి ముగ్గు మీదుగా కాలువలోకి పోయాయి. నేను ముందు వచ్చానని నేనూ, తాను ముందు వచ్చానని అతనూ అన్నాం. అక్కడ సిగ్నల్ లేదు, బోర్డు లేదు, రోడ్డు మీద గీత కూడా లేదు. చుట్టూ చేరిన వాళ్లు మాత్రం ఒక్క నిమిషంలో తీర్పు చెప్పేశారు. "పెద్దాయన, పైగా మాస్టారు, చూసుకుని రావద్దా?" అని అందరూ ఆ అబ్బాయినే మందలించారు. అతను మారు మాట్లాడకుండా క్యాను ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఆ తీర్పు నాకు అనుకూలంగా వచ్చినందుకే నా మనసు కుదుటపడడం లేదు. తప్పు ఎవరిదో నిర్ణయించడానికి వయసూ వృత్తీ కాకుండా ఒక నియమం ఉండాలి కదా. ఇలాంటి కూడళ్లలో ఇతర దేశాల్లో ఏ నియమం పాటిస్తారో, మన దేశంలో అసలు ఏముందో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

సింహపురి_డాలస్:

మాస్టారూ, నమస్కారం. మాది నెల్లూరు. పన్నెండేళ్లుగా అమెరికాలో ఉంటున్నాను. మీరు వర్ణించినటువంటి కాలనీ కూడళ్లలో ఇక్కడ చాలా చోట్ల నాలుగు వైపులా ఎర్రటి ఎనిమిది పలకల 'స్టాప్' బోర్డులు ఉంటాయి. నాలుగు దిక్కుల నుంచి వచ్చే ప్రతి బండీ చక్రం పూర్తిగా నిలిచేలా ఆగాలి. ఎవరు ముందుగా వచ్చి ఆగారో వారు ముందుగా కదులుతారు. ఇద్దరు ఒకేసారి వచ్చి ఆగితే, కుడి వైపున ఉన్నవారికి ఎడమ వైపున ఉన్నవారు దారి ఇస్తారు.

నేను వచ్చిన కొత్తలో రాత్రి పది గంటలకు, కనుచూపు మేరలో ఒక్క బండి కూడా లేని కూడలిలో నా ముందున్న కారు ఆగడం చూసి, ఏదో చెడిపోయిందని అనుకున్నాను. ఆమె ఆగి, ఎడమకూ కుడికీ చూసి, మళ్లీ కదిలింది. ఇప్పుడు నేనూ అలాగే ఆగుతున్నాను. కరెంటు పోయి సిగ్నల్ ఆరిపోతే చాలా రాష్ట్రాల్లో ఆ పెద్ద కూడలిని కూడా నాలుగు వైపులా స్టాప్ బోర్డులు ఉన్నట్టే పరిగణించాలి. ఆరు వరుసల రోడ్డు మీద, పోలీసు లేకుండా, వంతులవారీగా బళ్లు కదలడం నేను గాలివాన రోజున కళ్లారా చూశాను. మీ ఊళ్లో గొడవ 'ముందు ఎవరు వచ్చారు' అన్నదాని మీదే కదా. ఇక్కడ అందరూ ఆగుతారు కాబట్టే ఆ లెక్క తేలుతుంది. ఆగకుండా వచ్చే ఇద్దరిలో ముందు వచ్చినది ఎవరో దేవుడు కూడా చెప్పలేడు.

కావలి_అమ్మాయి:

నేను జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ నాలుగు వైపులా స్టాప్ బోర్డులు పెట్టే పద్ధతి లేదు. బోర్డు గానీ సిగ్నల్ గానీ లేని కూడలిలో 'రెష్ట్స్ ఫోర్ లింక్స్' అనే నియమం వర్తిస్తుంది. ఎడమ కంటే కుడి ముందు అని దాని అర్థం. మీకు కుడి వైపు నుంచి వచ్చే బండి ఎంత చిన్న సందులోంచి వచ్చినా, అది సైకిలే అయినా, మీరు ఆగి దారి ఇవ్వాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగపరిమితి ఉన్న నివాస ప్రాంతాల్లో ఎక్కువగా ఈ నియమమే నడుస్తుంది.

డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు నన్ను బాగా తికమక పెట్టింది ఇదే. నేను వెడల్పాటి రోడ్డు మీద వెళుతున్నాను కదా, సందులోంచి వచ్చేవాడే ఆగుతాడులే అని కావలి ట్రంకు రోడ్డు అలవాటుతో ముందుకు పోయాను. పక్కన కూర్చున్న శిక్షకుడు తన వైపున్న బ్రేకు గట్టిగా తొక్కాడు. రోడ్డు వెడల్పుకు ఇక్కడ విలువ లేదు. మీ రోడ్డుకు ప్రాధాన్యం ఉందని చెప్పాలంటే తెల్లని అంచు ఉన్న పసుపుపచ్చ పలక, డైమండు ఆకారంలో నిలబెట్టి ఉండాలి. అది కనిపించిందా, మీరు నిశ్చింతగా సాగిపోవచ్చు. కనిపించలేదా, ప్రతి సందు దగ్గరా కుడి వైపు చూడాల్సిందే.

ఇంకొక విషయం కూడా చెప్పాలి. స్టాప్ బోర్డు ఎనిమిది పలకలుగా ఉండడానికీ, 'దారి ఇవ్వండి' బోర్డు తలకిందుల త్రిభుజంగా ఉండడానికీ కారణం అందం కాదు. మంచు కప్పేసినా, వెనక వైపు నుంచి చూసినా ఆకారాన్ని బట్టే అదేమిటో తెలిసిపోతుంది. అడ్డరోడ్డులో వచ్చేవాడికి ఏ బోర్డు ఉందో నేను దాని వెనక భాగం చూసి గ్రహించగలను.

చీమకుర్తి_లారీ:

అయ్యా, నేను ఇరవై రెండేళ్లుగా గ్రానైట్ బ్లాకులు తోలుతున్నాను. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం, చెన్నై నా దారులు. మీరు చెబుతున్న నియమాలన్నీ వినడానికి బాగున్నాయి. బ్లాకు ఎక్కించిన బండికి బ్రేకు వేసిన తర్వాత అది ఆగడానికి ఎంత దూరం కావాలో కారు నడిపేవారికి తెలియదు. నాకు కుడి నుంచి మోపెడు వస్తే దానికి దారి ఇవ్వాలని నాకు మనసులో ఉన్నా, కూడలికి యాభై గజాల ముందే వేగం తగ్గించి ఉండకపోతే ఇవ్వలేను. కాబట్టి ఎవరు ముందు అనే ప్రశ్నకంటే, కూడలి వస్తోందని ముందే తెలియడం, ముందే తగ్గడం నాకు ముఖ్యంగా తోస్తుంది.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద, డివైడరు మధ్య ఖాళీ వదిలిన చోట అకస్మాత్తుగా ట్రాక్టరు ముక్కు బయటికి వచ్చినప్పుడు నా గుండె ఎలా కొట్టుకుంటుందో మాటల్లో చెప్పలేను. ఇంతకూ మాస్టారు గారు ఒక సంగతి చెప్పలేదు. ఆ పాల అబ్బాయి మీకు ఏ వైపు నుంచి వచ్చాడు?

ఒంగోలు_మాస్టారు:

నేను తూర్పు నుంచి పడమటికి వెళుతున్నాను. అతను ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తున్నాడు. ఆ మూల మీద ఒక ఇంటి ప్రహరీ, దాని మీద బాగా పెరిగిన కాగితపు పూల చెట్టు ఉన్నాయి. రెండు రోడ్లూ ఒకే వెడల్పు. ఎదురుగా వచ్చేవరకు ఒకరికొకరం కనిపించలేదు.

నెల్లూరు_వకీలు:

పడమటికి వెళ్లేవారికి ఉత్తరం కుడి వైపు అవుతుంది. మాస్టారు గారూ, మీరు అడిగారు కనుక ఉన్నది ఉన్నట్టుగా చెబుతాను.

మన దేశంలో నియమం లేదన్నది అపోహ. 1989 నాటి రోడ్డు నియమాల నిబంధనల్లో 8వది, కూడలిని సమీపించేటప్పుడు వేగం తగ్గించాలనీ, ఇతరులకు ప్రమాదం కలగదని నిర్ధారణ అయ్యేవరకు లోపలికి ప్రవేశించకూడదనీ చెప్పింది. 9వది ఇంకా స్పష్టంగా, మీరు ప్రవేశిస్తున్నది ప్రధాన రహదారిగా ప్రకటించిన రోడ్డయితే దాని మీద వెళ్లే వాహనాలకు దారి ఇవ్వాలనీ, మిగిలిన అన్ని సందర్భాల్లోనూ మీ కుడి చేతి వైపు నుంచి కూడలిని సమీపించే వాహనాలకు దారి ఇవ్వాలనీ చెప్పింది. 2017లో వీటి స్థానంలో మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వచ్చినా ఈ మూలసూత్రం మారలేదు. సర్కిల్ లోపల అప్పటికే తిరుగుతున్న వాహనానికి, కొత్తగా ప్రవేశించేది దారి ఇవ్వాలి. అంబులెన్సుకూ అగ్నిమాపక వాహనానికీ దారి ఇవ్వకపోతే 2019 సవరణ ద్వారా చేర్చిన 194ఇ సెక్షను కింద 10,000 రూపాయల జరిమానా ఉంది.

అంతర్జాతీయంగా చూస్తే, 1968 నవంబరు 8న వియన్నాలో రోడ్డు రవాణాపై ఒక ఒప్పందం కుదిరింది. మన దేశం 1980లో అందులో చేరింది. కుడి వైపున నడిచే దేశాల్లో గుర్తులు లేని కూడలిలో కుడి నుంచి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలని ఆ ఒప్పందం తేల్చి చెప్పింది. ఎడమ వైపున నడిచే మనలాంటి దేశాల విషయంలో మాత్రం అలా ఒకే నియమం విధించకుండా, బోర్డులూ సిగ్నళ్లూ గీతలతో ఆ ప్రాధాన్యాన్ని నిర్ణయించుకోవాలని వదిలేసింది. బోర్డులు లేని చోట మనకు మిగిలింది మన దేశీయ నిబంధనే.

నా వృత్తిలో కూడలి ప్రమాదాల కేసులు చూస్తుంటాను. వాంగ్మూలాలు ఇచ్చేవారు హారన్ కొట్టామని చెబుతారు, లైటు వేశామని చెబుతారు. "అవతలి వాహనం నాకు కుడి వైపున ఉంది, అందుకని ఆగాను" అన్న వాక్యం నేను ఇంతవరకు వినలేదు.

దర్గామిట్ట_ఇంజనీరు:

వకీలు గారు చట్టం చెప్పారు కనుక, ఆ నియమం వెనుక ఉన్న లెక్కను నేను చెబుతాను. రోడ్ల పనిలోనే ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. ఈ విషయం మీద నాకు ఎనలేని ఆసక్తి ఉంది, కొంచెం ఎక్కువ రాస్తే క్షమించాలి.

కాగితం మీద నాలుగు రోడ్ల కూడలి గీయండి. మనం ఎడమ వైపున నడుస్తాం. మీరు ఉత్తర దిక్కుగా వెళుతున్నారనుకోండి. మీ కుడి నుంచి, అంటే తూర్పు నుంచి వచ్చే బండి తన ఎడమకు తాను ఒదిగి ఉంటుంది కనుక, కూడలిలో మీకు దగ్గరగా ఉన్న సగంలోంచే పోతుంది. మీ ఎడమ నుంచి వచ్చేది మీకు దూరంగా ఉన్న సగంలోంచి పోతుంది. కాబట్టి కుడి వైపు బండికి దారి ఇవ్వాలంటే మీరు కూడలి అంచున, లోపలికి అడుగు పెట్టకముందే ఆగుతారు. ఎవరికీ అడ్డం ఉండరు. ఆస్ట్రేలియాలో కూడా గుర్తులు లేని కూడలిలో కుడి వారికే దారి ఇస్తారు. జపాను వారు కూడా మనలాగే ఎడమ వైపున నడుస్తారు గానీ, అక్కడి చట్టం ఎడమ నుంచి వచ్చే బండికి ప్రాధాన్యం ఇచ్చింది. బ్రిటను వారిది ఇంకొక దారి. గుర్తులు లేని కూడలిలో ఎవరికీ ప్రాధాన్యం లేదు, అందరూ జాగ్రత్తగా ఉండాలి అంటారు. మనకు రోడ్డు మీద ఎడమ వైపు నడవడం నేర్పిన దేశం నియమం మనకూ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

ఇప్పుడు సర్కిల్ సంగతి చూడండి. మన దగ్గర బళ్లు సర్కిల్ చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాయి. ప్రవేశించబోయేవారికి లోపల తిరుగుతున్న బండి కుడి వైపు నుంచే వస్తుంది. అంటే నాలుగు రోడ్ల కూడలికీ సర్కిల్‌కూ మనకు ఒకే నియమం సరిపోతుంది. ఫ్రాన్సులో అలా కుదరలేదు. అక్కడ కుడి వైపున నడుస్తూ కుడి నుంచి వచ్చేవారికి దారి ఇస్తారు. సర్కిల్‌లోకి కొత్తగా వచ్చే బండి, లోపలున్న బండికి కుడి వైపున ఉంటుంది. అందువల్ల లోపలున్నవారు ఆగాలి, బయటి నుంచి వచ్చేవారు దూరాలి. లోపలికి వచ్చేవారే గానీ బయటికి పోయేవారు లేక సర్కిల్ బిగుసుకుపోతుంది. 1984లో వారు ఈ నియమాన్ని మార్చి, ప్రవేశించేవారు ఆగాలనే బోర్డులు పెట్టాక అక్కడ వేల కొద్దీ సర్కిళ్లు కట్టడానికి వీలు పడింది. అయినా పారిస్‌లో పన్నెండు వీధులు కలిసే విజయ తోరణం చుట్టూ పాత నియమమే నేటికీ నడుస్తోంది. లోపల తిరిగేవారు ఆగి, కొత్తగా వచ్చేవారిని రానివ్వాలి.

బ్రిటనులో కూడా 1966 నవంబరు వరకు సర్కిల్ ప్రాధాన్యంపై కచ్చితమైన నియమం లేదు. ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజనీరు కృషితో ప్రవేశించేవారు కుడి వైపు వారికి దారి ఇవ్వాలన్న నియమం వచ్చాకనే చిన్న చిన్న సర్కిళ్లు పని చేయడం మొదలుపెట్టాయి. 1972లో స్విండన్ పట్టణంలో అయిదు చిన్న సర్కిళ్లను ఒక పెద్ద వలయంగా పేర్చి కట్టినది నేటికీ నడుస్తోంది.

నెల్లూరులో మనం సర్కిల్ అని పిలిచేవాటిలో చాలావాటికి మధ్యలో విగ్రహం ఉంది గానీ, ప్రవేశించే చోట ఒక్క తెల్ల గీత కూడా ఉండదు. లోపలి బండిది ముందా, బయటి బండిది ముందా అన్నది హారన్ మోతను బట్టి తేలుతోంది.

కనిగిరి_దుబాయి:

దుబాయిలో పదిహేనేళ్లు డ్రైవరుగా పని చేశాను. సర్కిల్‌లో లోపలివారికే ప్రాధాన్యం. ఎర్ర లైటు దాటితే 1000 దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద 12 నల్ల పాయింట్లు, ముప్పై రోజులు బండి జప్తు. నెల జీతం ఎంతో లెక్కపెట్టుకునేవాళ్లం కనుక ఎవరూ ఆ పని చేసేవాళ్లం కాదు. సెలవుల్లో ఊరికి వచ్చిన మొదటి వారం, పచ్చ లైటు పడగానే కదిలిన నన్ను అడ్డంగా వచ్చిన బండి తప్పించుకుని పోయింది. అక్కడ నియమం తెలిసిన మనవాళ్లే ఇక్కడ దిగగానే మరిచిపోతున్నారని నాకు బాధగా ఉంటుంది.

పొగతోట_గృహిణి:

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో చదువుకుంటోంది. అక్కడికి వెళ్లినప్పుడు నగరం మధ్యలో ఒక వింత చూశాను. కుడి వైపు తిరగవలసిన కార్లు రోడ్డుకు ఎడమ వైపు వరుసలోకి వచ్చి, కూడలిలోకి కొంత ముందుకు వెళ్లి, ఎడమ అంచున నిలబడతాయి. అడ్డరోడ్డుకు పచ్చ లైటు పడగానే ఒక్కసారిగా కుడికి తిరిగి వెళ్లిపోతాయి. రోడ్డు మధ్యలో ట్రాములు నడుస్తాయి కనుక, కుడికి తిరిగే కార్లు వాటి దారిలో నిలబడకూడదని ఈ ఏర్పాటు చేశారని అమ్మాయి చెప్పింది.

నా ప్రశ్న వేరు. ఇంతసేపూ బండికీ బండికీ మధ్య న్యాయం గురించే మాట్లాడుకుంటున్నాం. నేను బండి నడపను. రోజూ కూరగాయలకు కనకమహల్ సెంటర్ వైపు నడిచి వెళతాను. పక్కన ఎర్ర లైటు ఉన్నా 'ఫ్రీ లెఫ్ట్' అని తిరిగే బళ్లు నన్ను ఎప్పుడూ ఆగనివ్వవు, దాటనివ్వవు. ఇతర దేశాల్లో నడిచేవారి సంగతి ఏమిటి?

సింహపురి_డాలస్:

అమ్మా, చాలా మంచి ప్రశ్న. ఇక్కడ ఎర్ర లైటు ఉన్నా కుడికి తిరగవచ్చు. మీ ఫ్రీ లెఫ్టుకు ఇది జోడు. 1970లలో చమురు కొరత వచ్చినప్పుడు, ఊరికే ఆగి పెట్రోలు కాల్చకుండా ఉండాలని దీన్ని దేశమంతటా వ్యాపింపజేశారు. అయితే ముందుగా పూర్తిగా ఆగాలి, నడిచేవారికి దారి ఇవ్వాలి. న్యూయార్క్ నగరంలో మాత్రం ప్రత్యేకంగా అనుమతించే బోర్డు ఉంటే తప్ప తిరగకూడదు. అక్కడ నడిచేవారి రద్దీ ఎక్కువ.

కావలి_అమ్మాయి:

జర్మనీలో అందుకు చిన్న పచ్చ బాణం పలక ఉంటుంది. తూర్పు జర్మనీలో 1978లో మొదలైన పద్ధతిని దేశం ఒకటయ్యాక 1994లో మొత్తం జర్మనీ తీసుకుంది. పలక ఉన్న చోట కూడా గీత దగ్గర పూర్తిగా ఆగాకనే తిరగాలి. అది లేని చోట ఎర్ర లైటు అంటే ఆగడమే.

చీమకుర్తి_లారీ:

నాదొక అభ్యంతరం. ఇక్కడ ప్రతి చోటా ప్రతి దేశంలో నియమం అందరికీ తెలుసన్నట్టు రాస్తున్నారు. నియమం మార్చినప్పుడు వాళ్లకూ గందరగోళం వచ్చి ఉండదా? మన దగ్గర ఇప్పుడు కొత్తగా 'కుడి వారికి దారి' అని మొదలుపెడితే, సగం మంది పాటించి సగం మంది పాటించకపోతే, ఆగినవాడి వెనక నుంచే గుద్దుతారు. తెలిసిన నేను ఆగి, తెలియని నా వెనకవాడు ఆగకపోతే, నా ఒక్కడి జ్ఞానం ఎవరికి పనికొస్తుంది?

దర్గామిట్ట_ఇంజనీరు:

అన్నగారి అభ్యంతరం సరైనదే, దానికి జవాబు చరిత్రలో ఉంది. న్యూజిలాండులో 1977 నుంచి ఒక విచిత్రమైన నియమం ఉండేది. ఎడమకు తిరిగే బండి, ఎదురుగా వచ్చి కుడికి తిరిగే బండికి దారి ఇవ్వాలి. 2012 మార్చి 25, ఆదివారం తెల్లవారుజామున అయిదు గంటలకు దాన్ని మార్చారు. అంతకు ముందే టీవీలోనూ పత్రికల్లోనూ విస్తృతంగా ప్రచారం చేశారు. స్వీడను అయితే 1967 సెప్టెంబరు 3న, అదీ ఆదివారమే, దేశం మొత్తాన్ని ఎడమ వైపు నుంచి కుడి వైపుకు మార్చింది. తెల్లవారి 4:50కి రోడ్డు మీద ఉన్న బళ్లు ఆగి, పక్కకు మారి, అయిదు గంటలకు మళ్లీ కదిలాయి. అందరికీ ఒకే రోజున, ఒకే గంటకు తెలియజేస్తేనే మార్పు సాధ్యం.

అయితే మనకు అలాంటి మార్పు అవసరమే లేదు. నియమం 1989 నుంచీ ఉంది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయించడంతో పాటు ఈ ఒక్క ప్రశ్న అడిగి, కాలనీ రోడ్లలో ఒక రోడ్డుకు 'దారి ఇవ్వండి' త్రిభుజం, కింద విరిగిన తెల్ల గీత పెడితే చాలు. అన్నగారు చెప్పినట్టు ముందే వేగం తగ్గడానికి ఆ గీతే ఆధారం.

కనిగిరి_దుబాయి:

నెదర్లాండ్స్‌లో సిగ్నళ్లూ బోర్డులూ తీసేస్తే ప్రమాదాలు తగ్గాయని విన్నాను. మనమూ అలాగే ఉన్నాం కదా, మరి మనకు ఎందుకు తగ్గవు?

దర్గామిట్ట_ఇంజనీరు:

మీరు చెబుతున్నది ద్రాఖ్టెన్ అనే ఊరు, అక్కడ హాన్స్ మోండర్‌మన్ అనే ఇంజనీరు చేసిన పని. ఆయన బోర్డులు తీసేసి ఊరుకోలేదు. రోడ్డు నేలనే మార్చి, వేగం దానంతటదే తగ్గేలా కూడలిని తిరిగి కట్టించారు. కంటి చూపు లేనివారు ఇలాంటి చోట్ల దాటడానికి ఇబ్బంది పడుతున్నారన్న విమర్శ కూడా గట్టిగానే ఉంది. బోర్డులు పెట్టకపోవడం వేరు, బోర్డు అవసరం లేకుండా కట్టడం వేరు.

ఒంగోలు_మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారి సమాధానం చదివిన సాయంత్రమే కాలనీలో పాలు ఎవరెవరికి పోస్తాడో విచారించి, ఆ అబ్బాయి ఊరు కనుక్కుని, మరుసటి ఉదయం అయిదున్నరకు అతను వచ్చే దారిలో నిలబడ్డాను. అతను నాకు కుడి వైపు నుంచి వచ్చాడనీ, ఆగవలసింది నేననీ, చట్టం అలాగే చెబుతోందనీ వివరించి, ఒలికిన పాల ఖరీదు ఇచ్చాను. మొదట పుచ్చుకోలేదు. "మాస్టారూ, ఆ రూలు నాకూ తెలియదు, నేనూ స్పీడుగానే వచ్చాను" అన్నాడు. ఆ క్యాను మూత ఇప్పటికీ సరిగ్గా బిగుసుకోవడం లేదు, పాలిథిన్ కాగితం అడ్డం పెట్టి నొక్కుతున్నాడు. బలవంతం చేశాక డబ్బు తీసుకున్నాడు. ఆ రోజు అతన్ని మందలించిన నలుగురికీ విషయం చెప్పాను. ఇద్దరు ఒప్పుకున్నారు, ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు.

ఇంజనీరు గారు చెప్పిన త్రిభుజం బోర్డూ, గీతా కాలనీవాసులం చందా వేసుకుని మేమే పెట్టుకోవచ్చా?

నెల్లూరు_వకీలు:

పెట్టుకోకూడదు. మీ కాలనీలాంటి రోడ్ల మీద ట్రాఫిక్ గుర్తులు నెలకొల్పే అధికారం మోటారు వాహనాల చట్టం 116వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వారికీ మాత్రమే ఉంది. నగరపాలక సంస్థకూ ట్రాఫిక్ పోలీసులకూ కలిపి అర్జీ పెట్టండి. కాలనీవాసుల సంతకాలతో పాటు ఆ పాల అబ్బాయి సంతకం కూడా తీసుకోండి. కూడలి పటం ఒకటి జత చేస్తే వాళ్లు వచ్చి చూసే అవకాశం ఎక్కువ.

దర్గామిట్ట_ఇంజనీరు:

పటం నేను గీసి పంపుతాను. మాస్టారు గారు నాలుగు కొలతలు రాసి పంపాలి: రెండు రోడ్ల వెడల్పు, ఈశాన్య మూలలో ఉన్న ప్రహరీ ఎత్తు, గోడ మూల నుంచి సిమెంటు రోడ్డు అంచు వరకు దూరం. ఈలోగా ఆ ఇంటివారిని అడిగి కాగితపు పూల చెట్టును గోడ మట్టానికి కత్తిరించమని చెప్పండి. దానికి ఏ అర్జీ అక్కర్లేదు.